ఫోటోలో ఎవరుండాలి, ఎవరు పక్కకి జరగాలి?

మా అక్క కూతురి పెళ్లి ఇంకా రెండు నెలలుందనగా ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "పిన్నీ, ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ దగ్గరికి నువ్వు కూడా రావాలి. నన్నొక్కదాన్నీ పంపనంటోంది అమ్మ" అంది. ఎందుకంటే ఫోటోల కోసమట. పెళ్లికి ముందే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ నగరంలో పేరున్న చోట్లన్నీ తిరిగి ఫోటోలూ వీడియోలూ తీయించుకుంటున్నారు కదా, ప్రీ వెడ్డింగ్ షూట్ అని, అది. వెళ్లాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కట్నాలకీ పెళ్లి ఆర్భాటాలకీ వ్యతిరేకంగా ఇన్నేళ్లు మాట్లాడినదాన్ని, ఇప్పుడు కాపలా పిన్నిగా వెళ్లి నిలబడాలా అనిపించింది. చివరికి వెళ్లాను. వెళ్లాక నా అభిప్రాయాలు కొన్ని గట్టిపడ్డాయి, కొన్ని మారాయి. ఆ రెండూ మీ ముందు పెట్టాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఏర్పాట్ల గురించి చెప్పాలి. ఫోటోగ్రాఫరు ఒక కాగితం రాసిచ్చాడు. పొద్దున అయిదున్నరకి చార్మినార్. అప్పుడైతేనే జనం ఉండరు, వెలుతురు బాగుంటుంది. ఎనిమిదికి ట్యాంక్‌బండ్. మధ్యాహ్నం తారామతి బారాదరి. సాయంత్రం దీపాలు వెలిగే వేళకి దుర్గం చెరువు తీగల వంతెన. నాలుగు చోట్లు, నాలుగు జతల బట్టలు. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి లోపల వ్యాపార ఫోటోలు తీయాలంటే అనుమతి కావాలి. అందుకని బయట రోడ్డు మీదే కానిచ్చేద్దామన్నాడు. మొత్తం 70 వేలు. ఎవరిస్తున్నారని అడిగాను. మా అక్క నా వైపు చూడకుండా, "మనమే. వాళ్లు నోరు తెరిచి అడగలేదనుకో. మామూలుగా ఆడపెళ్లివాళ్లే పెట్టుకుంటారటగా" అంది.

ఈ "అడగలేదు, మామూలుగా పెట్టుకుంటారు" అనే మాట మనకి కొత్త కాదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఆ చట్టాన్ని బతికినంతకాలం వెక్కిరిస్తూ వచ్చినవి ఈ "మామూళ్లే". ఆడపడుచు లాంఛనం, అత్తగారి లాంఛనం, ఎదురుకోళ్లు, విడిది ఖర్చు అంటూ ఒకదాని పక్కన ఒకటి చేరుతూ పోయాయి. ఇప్పుడా జాబితాలో ఫోటో షూటింగు చేరింది. నోరు విప్పి అడిగిన దాని మీదయినా కేసు పెట్టవచ్చు గానీ, అడక్కుండా రివాజుగా వచ్చి కూర్చున్న ఖర్చు మీద ఎవరి పేరున ఫిర్యాదు రాస్తాం?

ఇక పెళ్లి బేరంలో ఆడపిల్ల ఫోటో ఉండటమన్నది పాత సంగతే. నా వయసువాళ్లందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగానే పట్టుచీర కట్టించి స్టూడియోకి తీసుకెళ్లేవాళ్లు. వెనకాల తెర మీద తాజ్‌మహలో జలపాతమో వేసి ఉండేది. స్టూలు మీద చెయ్యి పెట్టి నిలబడమనేవాళ్లు. ఆ ఫోటోని జాతకం కాగితంతో కలిపి కవర్లో పెట్టి ఎవరెవరి ఇళ్లకో పంపేవాళ్లు. కొన్ని తిరిగొచ్చేవి, మూలలు నలిగి, వేలి ముద్రలు పడి. కొన్ని అసలు తిరిగొచ్చేవే కావు. మన మొహం ఎవరింట్లో ఏ అల్మారాలో పడి ఉందో మనకి తెలియదు. అప్పుడు అబ్బాయి ఫోటో అడిగితే, "మగాడికి ఫోటో ఏమిటే, ఉద్యోగం చూడాలి గానీ" అనేవాళ్లు. ఆ లెక్కన ఇప్పుడు ఇద్దరూ కలిసి కెమెరా ముందు నిలబడటం కొంత నయమే కదా అనుకుంటూ బయల్దేరాను.

చార్మినార్ దగ్గరికి చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. మేమే ముందనుకున్నాను. అప్పటికే మూడు జంటలు వచ్చి వరసలో ఉన్నాయి. ఒక జంట ఫోటో అయ్యాక ఇంకో జంట అదే చోట నిలబడి, అదే విధంగా చేతులు చాచి, అదే విధంగా నవ్వుతున్నారు. అబ్బాయి ఆ అమ్మాయిని ఎత్తుకుని గిరగిరా తిప్పాలి. అమ్మాయి అతని గుండె మీద తల వాల్చి కళ్లు మూసుకోవాలి. అతను దూరంగా ఎటో చూస్తుండాలి, ఆమె అతన్నే చూస్తుండాలి. ఆ ఫోటోగ్రాఫరు కుర్రాడు చెడ్డవాడేమీ కాదు. తను చూసిన సినిమాల్లో ఎలా ఉందో అలా చెప్తున్నాడు. ఒకసారి మా పిల్ల, "నేను ఆయన్ని చూస్తాను, ఆయన కూడా నన్ను చూడొచ్చుగా" అంది. "అలా బాగుండదు మేడం" అన్నాడు.

అరగంటకి బట్టలు మార్చుకోవాల్సి వచ్చింది. ఎక్కడ మార్చుకుంటుంది? ఆ వేళప్పుడు దగ్గరలో తెరిచి ఉన్న ఆడవాళ్ల మరుగుదొడ్డి ఒక్కటి కూడా మాకు కనపడలేదు. కారు అద్దాలకి దుప్పట్లు కట్టి, నేనొక తలుపు దగ్గర, పక్క జంట తాలూకు వదినగారొక తలుపు దగ్గర నిలబడి కాపలా కాశాం. పెళ్లికొడుకు చెట్టు చాటుకి వెళ్లి రెండు నిమిషాల్లో చొక్కా మార్చుకొచ్చాడు. వేల రూపాయలు పోసి షూటింగు పెట్టుకున్న పెళ్లికూతుళ్లకే ఆ వేళ నగరం నడిబొడ్డున ఒంటికి పోసుకునే చోటు లేకపోతే, రోజంతా అక్కడే గాజులమ్మే, పూలమ్మే, చెప్పులమ్మే ఆడవాళ్ల సంగతేమిటి? మన సంఘాలన్నీ ఏళ్ల తరబడి వినతిపత్రాల్లో రాస్తున్న విషయమే ఇది. అయినా కారు తలుపు పట్టుకుని నిలబడ్డప్పుడు మళ్లీ కొత్తగా కోపం వచ్చింది.

అప్పుడే ఇంకో సంగతి జరిగింది. పొడుగు చీపురుతో రోడ్డు ఊడుస్తూ ఒకామె మా వైపు వస్తోంది. యాభై దాటి ఉంటాయి. మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికులు వేసుకునే జాకెట్టు తొడుక్కుని, మొహానికి కొంగు కట్టుకుని ఉంది. మా ఫోటోగ్రాఫరు చెయ్యి ఊపి, "అమ్మా, జర పక్కకి జరుగు, ఫ్రేములో పడుతున్నవ్" అన్నాడు. ఆమె జరిగింది. రెండు నిమిషాల తరువాత అవతలి జంట ఫోటోగ్రాఫరు కూడా అదే మాటన్నాడు. మళ్లీ జరిగింది. మూడోసారి చీపురు నేలకి ఆనించి నిలబడి, "ఎటు జరగాలె బిడ్డా? నేనూడిస్తనే గద మీ ఫోటో మంచిగొచ్చేది" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు.

నేను వెళ్లి పక్కన కూర్చుని మాట కలిపాను. చీకటితో బయల్దేరి వస్తుందట. "నీకూ మీ ఆయనకీ కలిసి దిగిన ఫోటో ఉందా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "రేషన్ కార్డు మీద ఉండె. పిల్లగాండ్లతోటి" అంది. ఆయన పోయి తొమ్మిదేళ్లయిందట. తరువాత తనే, "నాకు రోజూ ఫోటో తీస్తరమ్మా, హాజరు కోసం. ఫోన్ల మొఖం చూపియ్యాలె. మొఖం సరిగ రాకుంటే ఆ దినం కూలి పోయినట్టే" అంది. ఆమె మొహం కోసం కూడా నగరంలో ఒక కెమెరా ఉంది. అయితే అది ఆమె పనికి వచ్చిందో లేదో చూసే కెమెరా. మా పిల్ల వైపు తిప్పిన కెమెరా నుంచేమో ఆమెని జరగమంటున్నారు. ఒకే రోడ్డు మీద, ఒకే పొద్దున, ఇద్దరు ఆడవాళ్ల మీద రెండు కెమెరాలు. మా పిల్లకి ఈ మాట చెప్తే చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడి నుంచి నా ఆలోచన ఖర్చు దాటి వేరే దిక్కుకి వెళ్లింది. నగరంలో ఒక ఆడా మగా కలిసి నిలబడే హక్కు ఎవరికుంది?

ఎనిమిదికి ట్యాంక్‌బండ్ చేరాం. ఆ కట్ట మీద వరసగా ఉన్న విగ్రహాల్లో ఆడవాళ్లని వెతకాలంటే రుద్రమదేవి, మొల్ల అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. అక్కడ మా పిల్లలిద్దరూ చేతిలో చెయ్యి వేసుకుని, నుదురు నుదురుకి ఆనించి అరగంట నిలబడ్డారు. పోలీసు జీపు పక్కనించే పోయింది. లోపలివాళ్లు చూసి నవ్వుకుని వెళ్లిపోయారు. తరువాత టీ కోసం దగ్గర్లోని ఒక పార్కు వైపు నడిచాను. అక్కడ బెంచీ మీద ఇద్దరు కుర్రవాళ్లు, ఒకమ్మాయీ అబ్బాయీ, కూర్చుని ఉన్నారు. మధ్యలో ఆమె సంచి ఉంది. ఒకరినొకరు తాకను కూడా లేదు. కాపలాదారు ఈల వేసుకుంటూ వచ్చి లెమ్మన్నాడు. "ఏం చేస్తున్నాం అన్నా?" అన్నాడు ఆ అబ్బాయి. "ఇది ఫ్యామిలీలు వచ్చే జాగా" అన్నాడతను. వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి మొహం మీదికి చున్నీ లాక్కుంది. కట్ట మీద నుదురు నుదురుకి ఆనించిన వాళ్లకి అడ్డు చెప్పనివాళ్లు, సంచి మధ్యలో పెట్టుకుని కూర్చున్నవాళ్లని ఎందుకు లేపారు? తేడా అంతా కెమెరాలో ఉంది. కెమెరా ఉందంటే వెనక ఫోటోగ్రాఫరున్నాడు, అతని వెనక డబ్బుంది, దాని వెనక నిశ్చితార్థముంది, దాని వెనక రెండు వైపులా పెద్దల అంగీకారముంది. ఒకే కులమని, ఒకే మతమని వేరే చెప్పనక్కర్లేదు. కెమెరా ఆ జంటకి లైసెన్సు లాంటిది.

ఇందిరా పార్కు పేరు చెప్పగానే మన పాఠకులకి ధర్నా చౌకే గుర్తొస్తుంది. ఎన్ని ఎండల్లో ఆ గోడ పక్కన కూర్చున్నాం! 2017లో ధర్నా చౌక్ ఎత్తేసినప్పుడు పోట్లాడాం. 2018లో హైకోర్టు ఉత్తర్వుతో మళ్లీ అక్కడ కూర్చునే అవకాశం వచ్చింది. ఆ పార్కు గేటుకే 2021 ఆగస్టులో ఒక బ్యానరు కట్టారు, పెళ్లికాని జంటలకి లోపలికి ప్రవేశం లేదని. హక్కుల కార్యకర్తలు ప్రశ్నించి, పత్రికల్లో వచ్చాక అధికారులు దాన్ని తీసేసి విచారం వెలిబుచ్చారు. బ్యానరయితే పోయింది. ఆ బ్యానరు రాయించిన బుద్ధి మాత్రం ఈల రూపంలో ఇంకా తిరుగుతూనే ఉంది. నిరసన చెప్పడానికి పదిమంది కలిసి కూర్చోవడమయినా, మాట్లాడుకోవడానికి ఇద్దరు కలిసి కూర్చోవడమయినా, "ఈ చోటు నీది కాదు" అనే జవాబు ఒకే నోటి నుంచి వస్తుంది. మనం మొదటి దాని మీద ఉద్యమం చేశాం. రెండోదాన్ని కుర్రవాళ్ల సరదా వ్యవహారమని వదిలేశాం. నేను కూడా వదిలేసినదాన్నే.

చట్టం ఏమంటుంది? బహిరంగ స్థలంలో అశ్లీల చేష్టలు నేరమని భారత శిక్షాస్మృతి 294వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 296 అయింది. అయితే ఏది అశ్లీలమన్నది అందులో రాసి లేదు. పక్కవాళ్లకి ఇబ్బంది కలిగించాలని ఉంది. దాంతో ఎవరి కంటికి ఏది అశ్లీలమయితే అదే నేరమైపోతోంది. 2009లో ఢిల్లీ హైకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. మెట్రో స్టేషన్ దగ్గర ముద్దు పెట్టుకుంటున్నారని ఒక జంట మీద పోలీసులు ఈ సెక్షన్ పెట్టారు. యువ దంపతులు ప్రేమ వ్యక్తం చేసుకోవడం అశ్లీలం ఎలా అవుతుందని అడిగి కోర్టు కేసు కొట్టేసింది. మంచి తీర్పే. కానీ వాళ్లు భార్యాభర్తలన్న సంగతిని కోర్టు కూడా గుర్తుచేసుకుంది. మంగళసూత్రం లేని జంటకి, సంచి మధ్యలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఆ పిల్లలకి, ఏ తీర్పు చదివి వినిపిద్దాం?

కెమెరా కొందరికి లైసెన్సయితే మరికొందరికి ఆయుధమవుతోంది. 2019 ఫిబ్రవరి 14న నగర శివార్లలోని కండ్లకోయ పార్కులో ఒక యువతినీ యువకుడినీ బజరంగ్‌దళ్‌కి చెందినవాళ్లు పట్టుకుని, బలవంతంగా తాళి కట్టించి, ఆ తతంగమంతా వీడియో తీసి ఊరంతటికీ చూపించారు. తరువాత అరెస్టులు జరిగాయి. ఆ అమ్మాయి మొహం మాత్రం అప్పటికే వేలమంది ఫోన్లలోకి చేరిపోయింది. తాళి కట్టించడం నేరమని అందరం అన్నాం. ఆ మొహాన్ని అలా చూపించడం ఇంకో నేరమని గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

మిర్యాలగూడ మరిచిపోగలమా? పెద్దల మాట కాదని పెళ్లి చేసుకున్న ప్రణయ్, అతని భార్య తమ వీడియో తీయించుకుని ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నారు. మా పిల్ల తీయించుకున్న దానికీ దానికీ చూడ్డానికి తేడా లేదు. అవే నవ్వులు, అవే చేతులు. 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్య కళ్లముందే, ఆసుపత్రి బయట, దళితుడైన ఆ యువకుణ్ణి నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. కులం మార్చితే చాలు, అదే ఫోటో అర్థం మారిపోతుంది. ఒక ఇంట్లో ఫ్రేము కట్టి హాల్లో పెట్టుకునేది ఇంకో ఇంట్లో పరువు మీద దెబ్బగా కనపడుతుంది. 2022 మేలో సరూర్‌నగర్‌లో, ముస్లిం యువతిని పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద చంపుతున్నప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. వాటితో తీశారు. ఆమె అరుపులు విని అడ్డం పడినవాళ్లు లేరు.

ఇలాంటి జంటలు చట్టాన్ని నమ్ముకుని ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోబోతే, 1954 నాటి ఆ చట్టమే వాళ్లని 30 రోజులపాటు నోటీసు బోర్డు మీద నిలబెడుతుంది. కేరళలో ఆ నోటీసులని వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లు. వాటిలోంచి ఫోటోలూ చిరునామాలూ తీసి మత ప్రచారానికి వాడుకుంటున్నారని బయటపడ్డాక 2020లో ఆ పద్ధతి ఆపేశారు. పెళ్లి చేసుకునే స్వేచ్ఛకి అడ్డుపడేవాళ్ల నుంచి జంటలకి రక్షణ ఇవ్వాలని, అందుకు జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ జిల్లాలో ఆ విభాగం ఎక్కడుందో, ఫోన్ ఎవరు ఎత్తుతారో, ఒక్కసారి మీరే వాకబు చేసి చూడండి.

ఇంతకీ పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో, మా పిల్లలాంటి వాళ్లకి, ఈ ఫోటోల వల్ల ముప్పేమీ లేదా? ఉంది. మా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెప్తాను. ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను. నిశ్చితార్థమయ్యాక ఇలాగే షూటింగు జరిగింది. వీడియో చుట్టాలందరికీ వెళ్లింది. పెళ్లి మూడు వారాలుందనగా అబ్బాయి తండ్రి కారు సంగతెత్తాడు. ముందు అనుకున్నదాంట్లో కారు లేదు. అమ్మాయి వద్దు, ఈ సంబంధం వదిలేద్దామంది. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. "ఇంతమంది చూశాక ఇప్పుడు నిన్నెవరు చేసుకుంటారు?" అన్నారు. అప్పు చేసి కారు కొన్నారు. పెళ్లయిన ఏడాదికి ఆమె మా దగ్గరికి వచ్చింది. నిశ్చితార్థం నాడు కాదనుకునే వీలు కొంతయినా ఉంటుంది. ఫోటోలు బయటికి వెళ్లాక ఆ వీలు ఆడపిల్లకే పోతుంది. అబ్బాయికి పోదు. ఆ సంగతి అవతలివాళ్లకి బాగా తెలుసు. అందుకే బేరం అప్పుడు పెరుగుతుంది.

ఇంకో కేసులో సంబంధం తప్పిపోయింది. అబ్బాయి ఫోటోలు తీసేయనన్నాడు. ఫోటోలు తీసినవాళ్లేమో తమ దుకాణం అద్దంలో ప్రకటనగా పెట్టుకున్నారు. అడిగితే, "డబ్బులు కట్టింది వాళ్లు కదా" అన్నారు. ఈ జవాబులో కొంత చట్టం కూడా ఉంది. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఆ తీయించుకున్న మనిషే. ఫోటోలో ఉన్న మనిషి కాదు. అంటే మామగారు మాట్లాడి డబ్బిస్తే ఆయన, తండ్రి ఇస్తే తండ్రి. ఆ మొహం ఎవరిదో ఆమెకి దాని మీద యాజమాన్యం రాకపోవచ్చు. అలాగని ఆ దుకాణదారుకి కూడా హక్కు రాదు. వేరే ఒప్పందం లేకుండా, తీయించుకున్నవాళ్ల అనుమతి లేకుండా అలా పెట్టుకోవడం కుదరదు. ఇక ఏకాంత సమయంలో, ఎవరూ చూడరనుకున్న స్థితిలో తీసినవైతే, తీయడానికి ఒప్పుకుని ఇతరులకి చూపడానికి ఒప్పుకోనప్పుడు, అలా పంచడం నేరమని 2013లో వచ్చిన సవరణ చెప్పింది. ఇప్పుడది న్యాయ సంహితలో 77వ సెక్షన్. అయితే చార్మినార్ ముందు నవ్వుతూ దిగిన ఫోటో దాని కిందికి రాదు. ఆ ఖాళీని మనం ఒప్పంద పత్రంతోనే పూడ్చుకోవాలి.

ఇవన్నీ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా పిల్లకి చెప్పాను. ఆమె అంతా విని, "పిన్నీ, నువ్వన్నవన్నీ నిజమే. నేనొకటి అడుగుతాను. పెళ్లికి ముందు నువ్వు బాబాయితో ఎన్నిసార్లు మాట్లాడావు?" అంది. ఒక్కసారి. అదీ పెళ్లిచూపుల్లో, ఇంటర్లో ఏ గ్రూపని అడిగాడు. "మాకు ఈ షూటింగు పేరు మీదే నాలుగుసార్లు బయట కలవనిచ్చారు. ఎక్కడికెళ్లాలి, ఏం కట్టుకోవాలి అని రోజూ మాట్లాడుకున్నాం. ఈయన నా మాట వింటాడా లేదా అన్నది ఆ మాటల్లోనే తెలిసింది. పొద్దున్న ఆ కుర్రాడు లైటు పడేస్తే ఈయన ఏమంటాడా అని చూశాను. ఏమీ అనలేదు, వంగి తీసిచ్చాడు. అది నాకు ఫోటో కంటే ముఖ్యం. ఇది కూడా వద్దంటే మేం ఒకరికొకరు ఎలా తెలుస్తాం?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మేం ఆర్భాటమని కొట్టేసిన దాంట్లోంచి ఈ పిల్ల తనకి కావలసిన కాస్త చోటు తీసుకుంది. పెళ్లికి ముందు ఒకరినొకరు తెలుసుకునే దారి ఇంట్లో దొరక్కపోతే, బజార్లో 70 వేలు పెట్టి కొనుక్కోవలసి వస్తోంది. కొనుక్కోలేని వాళ్లకి ఆ దారి లేదు. తప్పు అమ్మాయిదని ఎలా అంటాం?

అందుకే, ఈ షూటింగులని నిషేధించాలనే వాళ్లతో మనం గొంతు కలపకూడదని నా అభిప్రాయం. 2019లో భోపాల్‌లో కొన్ని సామాజిక వర్గాల సంఘాలు తమవాళ్లు ఇలాంటి ఫోటోలు తీయించుకోకూడదని తీర్మానించాయి. సంస్కృతి పాడైపోతుందని, పెళ్లి కాకుండా కలిసి తిరగడం తప్పని వాళ్ల బాధ. ఖర్చు గురించి మాట్లాడినప్పుడు వాళ్ల మాటలు మన మాటల్లాగే వినపడతాయి. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకి ఆడపిల్ల చెయ్యి అబ్బాయి చేతిలో ఉండటం అభ్యంతరం. మన అభ్యంతరం ఆ చేతికి వెల కట్టడం మీద, కాదనే వీలు ఆమెకి లేకుండా చేయడం మీద, బెంచీ మీది పిల్లలని ఈలేసి తరమడం మీద.

మరి మనం చేయగలిగిందేమిటి? నాకు తోచినవి చెప్తాను. ఒకటి, ఒక పేజీ ఒప్పంద పత్రం తెలుగులో తయారుచేద్దాం. ఫోటోల మీద ఇద్దరికీ సమాన హక్కు, ఇద్దరి సంతకం లేకుండా ఎవరికీ చూపకూడదు, పెళ్లి జరక్కపోతే అన్నీ తీసేయాలి, తీసినవాళ్లు ప్రకటనకి వాడకూడదు అని. మన కేంద్రాల్లో, కాలేజీల్లో పంచుదాం. రెండు, ఖర్చు చెరిసగం అన్న మాట ఆడపిల్ల తల్లిదండ్రుల నోట ముందే వచ్చేలా మాట్లాడదాం. మూడు, పార్కుల్లో, చెరువు కట్టల మీద, చార్మినార్ లాంటి చోట్ల తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తెరిచి ఉండే మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గది కావాలని మళ్లీ అడుగుదాం. ఈసారి ఊడ్చే ఆడవాళ్లనీ అమ్ముకునే ఆడవాళ్లనీ ముందు వరసలో పెట్టుకుని అడుగుదాం. నాలుగు, పార్కులో జంటలని లేపినప్పుడు అది మన సమస్యేనని గుర్తించి, ఏ ఉత్తర్వు ప్రకారం లేపారో రాతపూర్వకంగా అడుగుదాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ మన చేతిలో ఉంది. అయిదు, ఇళ్లు వదిలి వచ్చిన జంటల ఫోటోలు పత్రికలకీ వాట్సాప్‌కీ ఇవ్వకూడదన్న నియమం మనం కూడా పాటిద్దాం. మంచి ఉద్దేశంతోనే కొన్నిసార్లు మన సంస్థలే ఆ పని చేశాయి.

సాయంత్రం తీగల వంతెన దగ్గర ఆఖరి ఫోటోలు. 2020 సెప్టెంబరులో అది మొదలయినప్పటి నుంచీ జనం బండ్లాపి ఫోటోలు దిగుతుంటే పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. అంత మోజు దానిమీద. మేం కింద చెరువు ఒడ్డునే ఉన్నాం. అన్నీ అయిపోయాక మా పిల్ల ఆ ఫోటోగ్రాఫరుని పిలిచి, "అన్నా, పొద్దున్న చార్మినార్ ఫోటోల్లో ఆ ఊడ్చే ఆమె పడినవి ఉన్నాయి కదా, అవి తీసెయ్యకు" అంది. "అవి పనికిరావు మేడం, నేనే తీసేద్దామనుకున్నా" అన్నాడతను. "ఉంచు. ఆమెకి ఒకటి ఇస్తాను. తనది తను అడిగితే తీసేద్దువు గాని" అంది.

వచ్చే ఆదివారం మేమిద్దరం ఆ ఫోటో తీసుకుని మళ్లీ వెళ్తున్నాం. ఆమె తీసుకుంటుందో, వద్దంటుందో తెలియదు. ఏదయినా అది ఆమె చెప్పాల్సిన మాట. ఈ విషయం మీద మీ ఊళ్లలో, మీ కేంద్రాల్లో మీకు ఎదురైన అనుభవాలు రాసి పంపండి. నేను రాసినదాంతో ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రాయండి.